నీలం పొగ బండి: బాగు చేయించాలా, మార్చాలా?

ప్రశ్న: మా బాపు 2008లో కొన్న 100 సీసీ బండి నీలం పొగ కొడుతోంది. మెకానిక్ బోరు పనికి (అరిగిన ఇంజన్ సిలిండర్‌ను సాఫు చేసి కొత్త పిస్టన్ వేయడానికి) 7 వేలు అడుగుతున్నాడు. రోజూ పర్కాల నుంచి ఏనుమాముల మార్కెట్‌కు పోవాలి. కొత్తది కొనమంటారా?
– ఒక పాఠకుడు, పర్కాల

జవాబు: తమ్మీ, నీలం పొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతున్నట్టే. పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పుమని వచ్చి ఆగిపోతే ఎక్కువగా వాల్వ్ సీళ్ల పనే, ఖర్చు తక్కువ. రేజ్ చేసినప్పుడల్లా వస్తుంటే పిస్టన్ రింగులో, బోరో అరిగినట్టు. కంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి) చూడకుండా ఇంజన్ విప్పనీయకు. నేను ఒకసారి తొందరపడి విప్పించా. పాత పిస్టన్ బాగానే ఉంది, పోయింది నా డబ్బే.

అసలు టెన్షన్ ఆర్‌సీది. దాని 15 ఏళ్ల గడువు 2023లోనే నిండింది. రెన్యువల్ చేయించావా? చేయిస్తే 5 ఏళ్లు ఇస్తారు. చేయించకపోతే ఆ ఖర్చూ 7 వేలకు కలుపుకో. సీటు తీసి ఛాసిస్ జాయింట్ల దగ్గర గోటితో గీకి చూడు. తుప్పు పొరలుగా రాలితే అమ్మెయ్, బాపును నేను ఒప్పిస్తా. గట్టిగా ఉంటే బోరు చేయించుకో. చేయించాక మొదటి 500 కిలోమీటర్లు మెల్లగా నడుపు, వెనక మిర్చి బస్తా వేయకు.