మొదటిసారి కారుకి మెషిన్ పాలిష్ చేస్తుంటే ఏ ప్యాడ్, ఏ పాలిష్ తీసుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: కారు నలుపు, ఐదేళ్ళది, ఎండలో పెడితే ఒళ్ళంతా సాలెగూడు లాంటి గీతలు, డీఏ (డ్యూయల్ యాక్షన్) పాలిషర్ కొనేశారు, ఇక ప్యాడ్లు, పాలిష్ మిగిలాయి.

పాలిషింగ్ రకం ఫోమ్ ప్యాడ్లు ఐదు, మెత్తటి ఫినిషింగ్ రకం రెండు, సన్నరకం పాలిష్ ఒక్క సీసా కొనండి. ఊలు ప్యాడ్ వద్దు, హెవీ కట్ కాంపౌండ్ (ఎక్కువగా అరగదీసే గరుకు పాలిష్) వద్దు. షాపువాడు "నల్ల కారు కదా సార్, గట్టిది వాడకపోతే గీతలు పోవు" అంటాడు. వినకండి. నేను విన్నాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

2019 వేసవి. మాది విజయవాడ, పటమట. నాన్న రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో కొనుక్కున్న కారు, నలుపే. రోజూ పొద్దున్నే కాఫీ తాగి సెల్లార్‌లోకి దిగి, పాత తువ్వాలుతో కారంతా తుడిచి రావడం ఆయనకు అలవాటు. నాలుగేళ్ళకి ఎండలో ఆ బానెట్ చూస్తే సూర్యుడి చుట్టూ గుండ్రంగా వేల గీతలు. ఆయన పుట్టినరోజుకి కొత్తదానిలా చేసి చూపించాలని నా కోరిక. తెలిసిన పెయింటర్ దగ్గర రోటరీ మెషిన్, దానితోపాటు తెల్లటి ఊలు ప్యాడ్, రబ్బింగ్ కాంపౌండ్ డబ్బా తెచ్చాను.

మొదటి పది నిమిషాలు అద్భుతం. గీతలు పోతున్నాయి, సెల్లార్ ట్యూబ్‌లైట్ బానెట్‌లో అద్దంలో కనిపించినట్టు కనిపిస్తోంది. ఆ ఊపులో బానెట్ ఎడమవైపు పొడవునా ఉండే మడత మీదకి మెషిన్ కొంచెం వాలుగా పెట్టాను. తెల్ల ప్యాడ్ అంచు నల్లబడింది. మురికి వస్తోందనుకుని ఇంకాస్త నొక్కాను. అది మురికి కాదు, కారు రంగు.

గుడ్డతో తుడిచి చూస్తే మడత మీద చింతగింజంత పాలిపోయిన మచ్చ. నాన్న కిందకి వచ్చి, వేలు తడిచేసి దాని మీద రాశారు. తడిగా ఉన్నంతసేపూ నల్లగానే ఉంది. ఆరగానే మళ్ళీ పాలిపోయింది. మూడుసార్లు అలాగే రాసి చూశారు. "పోనీలేరా, ఇనుమేగా" అని పైకి వెళ్ళిపోయారు. బానెట్ మొత్తం మళ్ళీ పెయింట్ వేయించాం. కంపెనీ పెయింట్ పోయింది కదా అని నాకు ఇప్పటికీ బాధే.

ఎందుకలా జరిగిందో తర్వాత తెలుసుకున్నాను. మనం పాలిష్ చేసేది రంగుని కాదు, దాని మీదుండే పారదర్శకమైన పొరని, అంటే క్లియర్ కోట్‌ని. మామూలు కార్లలో అది 40, 50 మైక్రాన్లు ఉంటుంది, అంటే తల వెంట్రుక కన్నా పలచన. గీత పోవడమంటే దాని చుట్టూ ఉన్న పొరని గీత లోతు దాకా అరగదీయడమే. మడతల దగ్గర, అంచుల దగ్గర ఆ పొర ఇంకా పలచగా ఉంటుంది, పైగా ప్యాడ్ ఒత్తిడంతా అక్కడే పడుతుంది. రోటరీ ఒకేచోట గిర్రున తిరిగి వేడి పుట్టిస్తుంది. మీ డీఏ అయితే తిరుగుతూనే ఊగుతుంది, ఎక్కువ నొక్కితే తిరగడం ఆగిపోతుంది. కొత్తవాళ్ళకి అదే రక్ష. అయినా మడతల మీద, ప్యానెల్ అంచుల మీద మాస్కింగ్ టేప్ వేయకుండా మొదలుపెట్టకండి. బంపర్లు ప్లాస్టిక్, వేడిని పట్టుకుని కూర్చుంటాయి, అక్కడ మరీ జాగ్రత్త.

ఇక ప్యాడ్. అందరూ ఏ పాలిష్ అని అడుగుతారు గానీ, కోత ఎంత, అంటే పొర ఎంత అరుగుతుంది అనేది ముందు ప్యాడ్ చేతిలో ఉంటుంది. మెగ్వయర్స్ 205 అనే సన్నరకం పాలిష్‌నే తీసుకోండి. మెత్తటి ఫినిషింగ్ ఫోమ్ మీద అది మెరుపు తెస్తుంది, కొంచెం గట్టి ఫోమ్ మీద పైపై గీతలు తీసేస్తుంది. అదే సీసాని మైక్రోఫైబర్ ప్యాడ్ మీద వేస్తే ఇంకా ఎక్కువ కోస్తుంది. అందుకే ఒక్క సీసా, రెండు రకాల ఫోమ్ అంటాను. పాలిషింగ్ ఫోమ్ ఐదు, ఫినిషింగ్ ఫోమ్ రెండు తీసుకుంటే నల్ల కారుకి సరిపోతుంది. 205తో గీతలు బొత్తిగా కదలకపోతే అప్పుడు మెన్జర్నా కంపెనీ 2500 లాంటి మీడియం రకం పాలిష్‌కి వెళ్ళండి. వాళ్ళదే 400 హెవీ కట్. మొదటి కారుకి దాని జోలికి పోవద్దు.

రంగు చూసి ప్యాడ్ కొనకండి. ఇది నాకు నిజంగా కోపం తెప్పించే విషయం. లేక్ కంట్రీ అనే ప్యాడ్ల కంపెనీ వాళ్ళ తెల్ల ఫోమ్ అంటే పాలిషింగ్ రకం, రూపెస్ వాళ్ళ తెల్లదంటే అన్నిటికన్నా మెత్తటి ఫినిషింగ్. ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. ఇంటర్నెట్‌లో "ఆరెంజ్ ప్యాడ్ వాడండి బ్రో" అని సలహా ఇచ్చేవాడు ఏ కంపెనీదో చెప్పడు. ప్యాకెట్ మీద కటింగ్, పాలిషింగ్, ఫినిషింగ్ అని రాసి ఉంటుంది, అది చదవండి. సైజు మీ మెషిన్ బ్యాకింగ్ ప్లేట్‌ని (ప్యాడ్ అతుక్కునే గుండ్రటి పళ్ళేన్ని) బట్టి ఉండాలి. ఐదంగుళాల ప్లేట్‌కి ఐదున్నర ప్యాడ్ సరిగ్గా కూర్చుంటుంది. ప్లేట్ అంచు మీద మార్కర్‌తో ఒక గీత గీయండి. పని చేస్తున్నప్పుడు ఆ గీత తిరుగుతూ కనబడాలి, ఆగిందంటే ఎక్కువ నొక్కుతున్నారని అర్థం.

ఐదు ప్యాడ్లెందుకంటే, అరిగిన పెయింట్, వాడేసిన పాలిష్ ఫోమ్‌లోకి ఎక్కి అది జిడ్డుముద్దలా తయారవుతుంది. అలాంటి ప్యాడ్ గీతలు తీయదు, కొత్తవి పెడుతుంది. ఒక ప్యానెల్ కాగానే బ్రష్‌తో దులపాలి, రెండు ప్యానెళ్ళకి ప్యాడ్ మార్చాలి. ఒకే ప్యాడ్‌తో కారంతా లాగించి "ఈ పాలిష్ బాగోలేదు" అని రివ్యూలు రాసేవాళ్ళు చాలామంది.

ముందు కారు బాగా కడిగి, క్లే (పెయింట్‌కి అంటుకున్న మురికిని లాగే మెత్తటి ముద్ద) రుద్ది, బానెట్ మీద చదునైన చోట అడుగున్నర చదరం టేప్‌తో కట్టుకోండి. ప్యాడ్ మీద శనగగింజంత చుక్కలు నాలుగు. తక్కువ స్పీడులో పరిచి, తర్వాత నాలుగు, ఐదు స్పీడులో అడ్డంగా, నిలువుగా, సగం సగం కలిసేలా నెమ్మదిగా నాలుగుసార్లు. తుడిచాక, నీళ్ళు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఇంకోసారి తుడిచి, టార్చ్ లైటు వేసి చూడండి. పాలిష్‌లోని నూనెలు గీతల్ని కప్పేస్తాయి, ఆల్కహాల్ వాటిని తీసేస్తే అసలు సంగతి కనబడుతుంది. మా ఊళ్ళో ఒక షాపు ఈ కిటుకు మీదే బతికేది. మెరిపించి ఇచ్చేవాళ్ళు, మూడు వాష్‌లకి గీతలన్నీ తిరిగొచ్చేవి. ఇప్పుడేమో అదే పనిని సిరామిక్ కోటింగ్ అని అమ్ముతున్నారు. గీతలు తీయకుండా వేసిన కోటింగ్ కింద గీతలు అలాగే ఉంటాయి.

గోరుకి తగిలే గీత ఉందనుకోండి, దాన్ని వదిలేయండి. అది పోయేసరికి చుట్టూ ఉన్న క్లియర్ కోట్ కూడా పోతుంది.

మన ఎండల్లో మధ్యాహ్నం ఈ పని పెట్టుకోకండి. రేకు వేడెక్కితే పాలిష్ రెండు నిమిషాల్లో ఎండి పెచ్చు కడుతుంది. నేను సెల్లార్‌లో తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెడతాను. ఒక్కరోజులో కారంతా అయిపోవాలన్న టెన్షన్ వద్దు, రోజుకి రెండు ప్యానెళ్ళు చాలు.

ఇంతా చెప్పాక అసలు నేను చెప్పాలనుకున్నది ఒకటుంది. మీ కారు మీద ఆ సాలెగూళ్ళు ఎక్కడినుంచి వచ్చాయి? పొడిగుడ్డ నుంచి. మన రోడ్ల దుమ్ము మెత్తగా కనిపించినా ఇసుకే. దాన్ని పొడిగా తుడిస్తే సన్నటి గరుకు కాగితంతో రుద్దినట్టే. అపార్ట్‌మెంట్‌లో కార్లు తుడిచే అబ్బాయి ఒక బకెట్, ఒక గుడ్డతో పన్నెండు కార్లు తుడుస్తాడు. తప్పు అతనిది కాదు, నెలకి మనమిచ్చే డబ్బుకి ఇంకెలా తుడుస్తాడు? మా కారు తుడవొద్దని చెప్పి, డబ్బులు మాత్రం మామూలుగానే ఇస్తున్నాను. దసరాకి బానెట్ మీద రాసిన గంధం, కుంకుమ ఎండిపోయాక గోళ్ళతో గీకేవాళ్ళని కూడా చూశాను. తడిగుడ్డ పది నిమిషాలు పరిచి ఉంచితే అదే ఊడొస్తుంది.

ఈ పద్ధతి మార్చకుండా మీరు పాలిష్ చేస్తే ఆరు నెలల్లో మళ్ళీ ఇదే ప్రశ్న అడుగుతారు. అప్పటికి క్లియర్ కోట్ ఇంకొంచెం తగ్గి ఉంటుంది.

నాన్నకి ఈ మాట ఎలా చెప్పాలా అని వారం రోజులు ఆలోచించాను. ఆయన రోజూ ప్రేమగా చేసే పనే కారుని పాడుచేస్తోందని ఏ కొడుకు చెప్పగలడు? చివరికి డీఏతో ఒక డోర్ పూర్తిచేసి, సగం మీద ఆయన తువ్వాలుతోనే పొడిగా నాలుగుసార్లు తుడిచి, టార్చ్ వేసి చూపించాను. ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్న కిందకి దిగితే, సెల్లార్ కుళాయికి పైపు తగిలించి పైనుంచి కిందకి నీళ్ళు వదులుతున్నారు. తువ్వాలు పక్కనే ఉంది, దాంతో టైర్లు తుడిచారు.

మీ కారులో ఏ ప్యానెల్‌కైనా ఇంతకుముందు మళ్ళీ పెయింట్ పడి ఉంటే కామెంట్‌లో చెప్పండి. దానికి మందం ఎంతుందో తెలియదు కాబట్టి అక్కడ ఫినిషింగ్ ఫోమ్‌తోనే మొదలుపెట్టాలి.