అటక మీద దొరికిన తాతగారి రంపాలు: తుప్పు వదిలించి మళ్ళీ కోతకు తేవడం

పెంకుటిల్లు విప్పుతుండగా అటక మీద మీ తాతగారి చేతి రంపాలు రెండు దొరికాయనీ, రెండూ నిండా తుప్పు పట్టి ఉన్నాయనీ, వాటిని గ్రైండరు పట్టించి మెరిపించాలో పాత ఇనుముకు వేసేయాలో తెలియడం లేదనీ మీరు రాశారు. దయచేసి ఆ రెండూ చేయవద్దు. అమలాపురం దగ్గర పల్లెలో మా నాన్నగారు జీవితమంతా వడ్రంగం చేశారు. ఆయన పోయాక మిగిలిన రంపాలూ, అది చూసి చుట్టుపక్కల వాళ్ళు తెచ్చి ఇచ్చినవీ కలిపి ఇరవై దాకా నా చేతుల మీదుగా మళ్ళీ పనిలోకి వచ్చాయి. చెడిపోయినది ఒక్కటే. అది మా మేనమామగారి రంపం, చెడినది గ్రైండరు వల్లనే. గ్రైండరు బిళ్ళను రంపపు రేకుకు ఆనించిన కాసేపటికే ఒకచోట నీలిరంగు మచ్చ తేలింది. ఉక్కు సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కితే వచ్చే రంగు అది. ఒక్కచోటనే కాగిన రేకు అక్కడ ఉబ్బి, చల్లారాక అప్పడంలా అల తిరిగింది. ఆ తరువాత ఎంత పదును పెట్టినా అది గీత మీద నడవలేదు.

అందుచేత తుప్పు సంగతి పక్కన పెట్టి, ముందు రేకు నిటారుగా ఉన్నదో లేదో చూడండి. పిడిని చెంపకు దగ్గరగా పట్టుకొని పళ్ళ వరుస వెంట కొసదాకా ఒంటికన్నుతో చూస్తే వంకర ఉంటే తెలిసిపోతుంది. రేకును మెల్లగా విల్లులా వంచి వదిలితే తిరిగి సూటిగా నిలవాలి. ఒకచోట మడత పడి ఉంటే దాన్ని సరిచేయడం అనుభవం ఉన్న చేతికే సాధ్యం. ఇక రెండవది, పళ్ళ మొదళ్ళలో గుంటలు. రేకు నడుమ గుంటలున్నా కోతకు అడ్డం రావు గాని, పళ్ళ దగ్గర లోతుగా తినేసి ఉంటే పదును నిలవదు, వంచబోతే పన్ను విరుగుతుంది. పళ్ళు నల్లగా నీలంగా మాడినట్లు కనిపిస్తే అది ఈ కాలపు రంపం, పళ్ళకు మాత్రమే గట్టిదనం పట్టించినది. దానిమీద ఆకురాయి జారిపోతుంది, పదును పెట్టడం కుదరదు. మీ తాతగారి నాటి రంపాలు అలాంటివి అయ్యే అవకాశం తక్కువ.

పిడిని విప్పే ముందు దానికి బిగించిన ఇత్తడి బిళ్ళను గుడ్డతో తుడిచి చూడండి. 1840లో ఫిలడెల్ఫియాలో హెన్రీ డిస్టన్ మొదలుపెట్టిన కర్మాగారపు రంపాలకూ, ఇంగ్లండులోని షెఫీల్డులో తయారైన స్పియర్ అండ్ జాక్సన్ వంటి వారి రంపాలకూ పేరు అక్కడో, రేకు మీద సన్నని చెక్కడంగానో ఉంటుంది. కొన్నిటి మీద ‘వారంటెడ్ సుపీరియర్’ అన్న మాట తప్ప తయారీదారు పేరు ఉండదు; అంతమాత్రాన అవి నాసిరకం అనుకోవద్దు. రేకు మీద చెక్కడం ఉండే చోట చేయి చాలా తేలికగా పడాలి, ఎందుకంటే అది గోటి మందం కూడా ఉండదు, ఒకసారి అరిగితే తిరిగి రాదు.

తుప్పు వదిలించడానికి నేను మొదట కిరసనాయిలు పూసి ఒక రాత్రి ఉంచుతాను. మర్నాడు పాత బ్లేడును పడుకోబెట్టినట్లుగా పట్టి గీకితే ఎర్రటి పొర పెచ్చులుగా లేస్తుంది. తరువాత 220 నంబరు ఎమరీ కాగితాన్ని చదునైన చెక్కముక్కకు చుట్టి, మళ్ళీ కిరసనాయిలు తడి చేస్తూ, రేకు పొడవు వెంట మాత్రమే రుద్దాలి. ఆపైన 320, 400. చెక్కముక్క లేకుండా వేళ్ళతో రుద్దితే అక్షరాల గాడులలోకి కూడా కాగితం దిగి వాటిని తినేస్తుంది. తెల్లగా మెరవాలని పట్టుబట్టకండి. అడుగున మిగిలే నల్లటి ఛాయ హాని చేయదు, నిజానికి నాకు అదే అందంగా కనిపిస్తుంది.

తుప్పు మరీ మొండిదైతే కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు లీటరు నీటికి సుమారు 50 గ్రాములు కలిపి అందులో ఉంచవచ్చు. అంత పొడుగు పళ్ళెం ఇంట్లో ఉండదు కాబట్టి నాలుగు వైపులా ఇటుకలు పేర్చి మీద ప్లాస్టిక్ పట్టా పరిస్తే తొట్టి అవుతుంది. అయితే అరగంటకొకసారి తీసి చూస్తూ, గంటా రెండు గంటలలో ముగించాలి. రాత్రంతా వదిలేస్తే పులుపు తుప్పును వదిలి మంచి ఉక్కును తినడం మొదలుపెడుతుంది. తీసిన వెంటనే చాకలి సోడా కలిపిన నీటితో కడిగి, మంచినీటితో జాడించి, ఆ క్షణమే పొడిగుడ్డతో తుడిచి ఎండలో పెట్టాలి. మన వైపు శ్రావణ భాద్రపదాల గాలిలో తడి రేకు మీద నారింజరంగు పొర మన కళ్ళముందే తిరిగి అల్లుకుంటుంది. అందుకే ఈ పనిని నేను సంక్రాంతి దాటాకే పెట్టుకుంటాను.

అసలు పని పళ్ళ దగ్గర ఉంది. రేకును రెండు పలకల మధ్య పళ్ళు మాత్రం పైకి కనిపించేలా బిగించి, చదునైన ఆకురాయిని వరుస పొడవునా ఒకటి రెండుసార్లు నడిపితే ప్రతి పంటి కొనమీద చిన్న వెండి చుక్క మెరుస్తుంది. చుక్క పడని పన్ను పొట్టిది, కోతలో పాలుపంచుకోనిది. అన్నిటికీ చుక్క వచ్చేదాకా నడపాలి. అప్పుడు మూడంచుల ఆకురాయితో పళ్ళ మధ్య ఒక గాడి విడిచి ఒక గాడి పదును పెట్టి, రేకును తిప్పి బిగించి, మిగిలిన గాడులు చేయాలి. ఆకురాయి ముందుకు తోసేటప్పుడే కోయాలి, వెనక్కి లాగేటప్పుడు ఎత్తాలి. చెక్క నార వెంట చీల్చే నిలువుకోత రంపమైతే ఆకురాయిని రేకుకు అడ్డంగా తిన్నగా నడపండి. అడ్డకోత రంపమైతే 20 నుంచి 25 డిగ్రీలు ఓరగా నడిపితే ప్రతి పన్నూ చిన్న కత్తి మొనలా తయారవుతుంది. ఏది ఏదో తెలియకపోతే పళ్ళు లెక్కించండి: నిలువుకోతవి పెద్దవి, అంగుళానికి ఐదారు, అడ్డకోతవి ఎనిమిది నుంచి పన్నెండు. వెండి చుక్క మాయమైన క్షణాన ఆగండి, ఒక్క తోపు ఎక్కువైనా ఆ పన్ను మళ్ళీ పొట్టిదైపోతుంది.

పళ్ళు ఒకటి ఎడమకూ ఒకటి కుడికీ ఒరిగి ఉండాలి. లేకుంటే కోతలో రేకు ఇరుక్కుపోతుంది. తుప్పు రంపాలలో పాత ఒరుగుడు చాలావరకు మిగిలే ఉంటుంది. తగ్గితే సెట్టు పట్టకారుతో (పళ్ళను ఒరిగించే పనిముట్టు) పంటి పైసగం మాత్రమే వంచి, చివర ఒకసారి తేలికగా ఆకురాయి ఆడించండి. ఎండిన టేకుకు కొద్దిపాటి ఒరుగుడు చాలు, పచ్చి కర్రకు ఎక్కువ కావాలి. నాన్నగారు అడ్డకోత రంపాన్ని పరీక్షించడానికి అమ్మ దగ్గర కుట్టుసూది అడిగి తెచ్చుకొని, రెండు వరుసల మొనల మధ్య ఏర్పడిన కాలువలో దాన్ని పెట్టి రంపాన్ని వాలుగా వంచేవారు. సూది ఎక్కడా పడిపోకుండా ఈ కొస నుంచి ఆ కొసకు జారితే ఆ రంపం పనికి సిద్ధం. కోత ఒకవైపుకు లాగుతుంటే ఆ వైపు ఒరుగుడు ఎక్కువని అర్థం. ఆ పక్కన సానరాయిని ఒకసారి మెత్తగా రాయాలి. తొలి కోతకు కొబ్బరి మొద్దు మాత్రం తీసుకోవద్దు. మన పెరట్లో చేతికందేది అదే అయినా, దానిలోని ఇసుక వంటి సిలికా కొత్త పదునును త్వరగా మొద్దు చేస్తుంది.

మీ రంపాలు చింతపండు కుండల పక్కన, రాళ్ళ ఉప్పు మూట కింద ఉండేవని రాశారు. అంత తుప్పుకు కారణం అదే. ఉప్పు గాలిలోని చెమ్మను పీల్చుకొని గుంటలలో దాక్కుంటుంది. కాబట్టి మీరు కిరసనాయిలు పూసే ముందే మంచినీటితో బాగా కడిగి ఆరబెట్టండి. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్ళలో ఉన్నవాళ్ళు కూడా ఇదే చేయాలి. పని అయ్యాక గోనెగుడ్డలో చుట్టి పెట్టవద్దు, అది తేమను పట్టి ఉంచుతుంది. కొబ్బరినూనె కోసేటప్పుడు రేకుకు రాయడానికి బాగుంటుంది గాని నెలల తరబడి వదిలితే ముక్కి జిగురవుతుంది. కుట్టుమిషను నూనె పలుచగా పూసి, పైన కొవ్వొత్తి మైనం రుద్ది, లోపలి గోడకు మేకు కొట్టి వేలాడదీయండి. తొలకరి ముందు ఒకసారి, తుఫానుల రోజులలో పక్షానికొకసారి దించి నూనె గుడ్డతో తుడవండి.