వకీలుగా ప్రకాశం పంతులు గారు గెలిపించిన పెద్ద దావా

టంగుటూరి ప్రకాశం పంతులు గారు బాగా నడుస్తున్న ప్రాక్టీసు వదులుకుని రాజకీయాల్లోకి వెళ్లారు కదా, లాయరుగా నేర్చుకున్నది అక్కడ ఆయనకు పనికొచ్చిందా, రాజకీయాల మీద ఆసక్తి ఉన్న నాలాంటి జూనియర్ ఆయన నుంచి ఏం తీసుకోవాలి అని ఒక జూనియర్ లాయరుగా మీరు నన్ను అడిగారు.

పనికొచ్చింది. అయితే అది ఎక్కడో చెప్పడానికి అందరూ చెప్పే ఘట్టం కాకుండా వేరేది ఎత్తుకుంటాను. నాది సివిల్ ప్రాక్టీసు. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా ఒకప్పుడు నూజివీడు జమీందారీ కింద ఉన్న ఊళ్ల భూమి తగాదాలు. ఆ కేసులు చేస్తూనే నాకు ప్రకాశం గారు అర్థమయ్యారు.

ముందు ఆయన వృత్తి సంగతి. 1872లో ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోతే తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని పెంచారు. చదువు చెప్పిన ఇమ్మనేని హనుమంతరావు నాయుడు గారు ఆయన్ని వెంటబెట్టుకుని రాజమండ్రి తీసుకెళ్లారు. తర్వాత మద్రాసులో లా చదివి, సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా రాజమండ్రిలో బోర్డు కట్టారు. పేరొచ్చింది, డబ్బొచ్చింది, మున్సిపల్ ఛైర్మన్ కూడా అయ్యారు. కానీ ఆ రోజుల్లో సెకండ్ గ్రేడ్ ప్లీడరు హైకోర్టులో వాదించడానికి వీల్లేదు. కింది కోర్టులో రక్తం ధారపోసి నడిపిన కేసైనా సరే, హైకోర్టు దాకా వెళ్తే కట్ట ఇంకొకరి చేతిలో పెట్టాల్సిందే. అందుకే 1904లో ఇంగ్లండు వెళ్లి, 1907లో బారిస్టరై వచ్చి, మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు. అక్కడా నిలదొక్కుకున్నారు. తిరునల్వేలి కలెక్టర్ యాష్ హత్య కేసులో ముద్దాయిల తరఫున నిలబడ్డ వాళ్లలో ఆయన ఒకరు. తెల్లదొరను చంపిన కేసులో ముద్దాయి పక్షాన నిలబడటమంటే 1911లో చిన్న విషయం కాదు.

1921లో ఆ ప్రాక్టీసు వదిలేశారు. 'స్వరాజ్య' పత్రిక పెట్టి, సంపాదించిందంతా అందులో పోశారు. 1928 ఫిబ్రవరి 3న మద్రాసులో సైమన్ కమిషన్ బహిష్కరణ రోజున పోలీసు తుపాకులకు గుండె చూపించిన సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆంధ్రకేసరి అని పిలిచేది దాన్ని తలుచుకునే. ఆ ధైర్యానికి నేనూ చేతులెత్తి మొక్కుతాను. కానీ అది ధైర్యవంతుడు ఎవరైనా చేయగల పని. వకీలు మాత్రమే చేయగల పని ఆయన పదేళ్ల తర్వాత చేశారు.

1937లో రాజాజీ మంత్రివర్గంలో ప్రకాశం గారు రెవెన్యూ మంత్రి. జమీందారీ రైతుల బాధల మీద విచారణకు వేసిన కమిటీకి ఆయనే అధ్యక్షుడు. జమీందార్ల వాదన గట్టిదే. జమీందార్లు సర్కారుకు కట్టాల్సింది శాశ్వతంగా ఖాయం చేసిన కంపెనీ నాటి చట్టం, అంటే 1802 నాటి ఇరవై అయిదో రెగ్యులేషన్, దాని కింద ఇచ్చిన సనదులు (హక్కు పత్రాలు) చేతిలో పట్టుకుని, భూమికి యజమానులం మేమే, రైతు మా కౌలుదారు అన్నారు. కాగితం మీద చూస్తే అలాగే కనిపిస్తుంది కూడా. వాళ్లు సర్కారుకు కట్టాల్సిన పేష్కషు, అంటే ఏటా కట్టే సొమ్ము, ఎప్పటికీ పెరగకుండా ఆనాడే ఖాయమైపోయింది. రైతు దగ్గర వసూలు చేసే శిస్తు మాత్రం పెరుగుతూ పోయింది. మధ్యలో మిగిలింది ఎవరి ఇంటికి చేరిందో చెప్పక్కర్లేదు.

దీని మీద పెద్ద ఉపన్యాసం దంచి, చప్పట్లు కొట్టించుకుని వదిలేయొచ్చు. ఆయన అలా చేయలేదు. సాక్ష్యాలు తీసుకున్నారు, పాత రికార్డులు తవ్వించారు, రెండువైపుల వాదనా రాయించారు. 1938లో వచ్చిన నివేదిక కొన్ని సంపుటాలుంటుంది. చివరికి తేల్చింది ఇది: జమీందారుకు దఖలు పడింది శిస్తు వసూలు చేసుకునే హక్కే, నేల మొదటి నుంచీ రైతుదే, కాబట్టి శిస్తు 1802 నాటి స్థాయికి తగ్గాలి. మా భాషలో చెప్పాలంటే జమీందారుది మేల్వారం, అంటే శిస్తు మీద హక్కు; రైతుది కుడివారం, అంటే నేల మీద హక్కు.

ఆ నివేదిక నాకు మొదట చూపించింది మా సీనియర్ గారు. ఒక హక్కు దావాలో మా క్లయింటు పెద్దాయన రేకుపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టారు. లోపల ఎస్టేటు ముద్ర వేసిన శిస్తు రసీదులు, మడత మడతకీ చిరిగిపోయిన ఒక ముచ్చిలిక (శిస్తు కడతానని రైతు రాసిచ్చే ఒప్పందం), అడుగున ప్రభుత్వ సెటిల్‌మెంట్ అధికారులిచ్చిన రైత్వారీ పట్టా, అంటే భూమి రైతుదేనని చెప్పే పట్టా. అవతలివాళ్లు జమీందారు వారసుల దగ్గర కొన్నామని రిజిస్టరు దస్తావేజు పెట్టారు. దస్తావేజు చూసి నాకు టెన్షన్ పట్టుకుంది. మా సీనియర్ గారు మాత్రం, "అమ్మినాయనకి అందులో ఏముందని అమ్మాడు? ముందది తేల్చు" అన్నారు. బార్ లైబ్రరీలో ప్రకాశం కమిటీ సంపుటాలు దించి నా ముందు పెట్టించారు. రాత్రి పొద్దుపోయేదాకా చదివాను. చదువుతుంటే ప్రభుత్వ నివేదికలా అనిపించలేదు. ఒక మంచి వకీలు, ఫీజు ఇవ్వలేని లక్షల మంది క్లయింట్ల తరఫున రాసిన రాతపూర్వక వాదనలా ఉంది. అవతలివాళ్లు ఏ పాయింటు లేవదీస్తారో ముందే ఊహించి, ఒక్కోదానికీ సమాధానం రాసిపెట్టినట్టుంటుంది. ఆ దావా మేం గెలిచాం. గెలిపించింది జమీందారీల్ని రద్దు చేసిన 1948 చట్టం కింద వచ్చిన పట్టానే, నివేదిక కాదు. కానీ ఆ చట్టానికి దారి ఎక్కడ పడిందో ఆ రాత్రే తెలిసింది.

నివేదిక వచ్చిన మరుసటి ఏడాది, యుద్ధం మొదలవగానే కాంగ్రెస్ మంత్రివర్గం రాజీనామా చేసింది. పని అక్కడే ఆగింది. ప్రకాశం గారు 1942లో జైలుకు వెళ్లి 1945లో బయటికొచ్చారు. 1946 ఏప్రిల్ నుంచి 1947 మార్చి దాకా మద్రాసు ప్రధాని పదవిలో (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవారు) ఉన్నారు, సొంత పార్టీవాళ్లే దింపేశారు. జమీందారీల రద్దు చట్టం 1948లో ఓమందూర్ రామస్వామి రెడ్డియార్ గారి హయాంలో వచ్చింది. చట్టం మీద పేరు ఎవరిదైనా, కేసు తయారుచేసిన వకీలు ప్రకాశం గారే అని నా గట్టి నమ్మకం.

ఆయనంటే ఇంత అభిమానం ఉన్నా ఒక్క విషయం మింగుడుపడదు. 1947 జనవరిలో ఆయన ప్రభుత్వమే శాంతిభద్రతల పేరుతో ఆర్డినెన్స్ తెచ్చి, కమ్యూనిస్టుల్ని విచారణ లేకుండా నిర్బంధించింది. జనం దాన్ని ప్రకాశం ఆర్డినెన్స్ అనే పిలిచారు. యాష్ కేసులో ముద్దాయి పక్షాన నిలబడిన మనిషి, తాను కూడా జైళ్లలో మగ్గిన మనిషి, ఆ కాగితం మీద సంతకం పడనివ్వడం తప్పే. అప్పటి గొడవలు, ఒత్తిళ్లు ఎన్ని చెప్పినా వకీలుగా నేను దాన్ని సమర్థించలేను. ఆయన్ని పొగిడేవాళ్లు ఈ సంగతి దాటేస్తుంటారు, మీరు దాటేయకండి.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే కర్నూలు రాజధానిగా మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికి ఎనభై దాటాయి. ఏడాది తిరిగాక మద్యనిషేధం గొడవలో ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. ఆ కొద్ది కాలంలోనే గుంటూరులో హైకోర్టు, తిరుపతిలో వెంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చాయి. 1957 మే 20న హైదరాబాదులో కన్నుమూశారు. చేతులారా అంత సంపాదించిన బారిస్టరుకు చివరికి సొంత ఆస్తంటూ ఏమీ మిగల్లేదు.

ఇక మీ సంగతి. ప్రాక్టీసు వదలాలా వద్దా అన్నది మీ ఇంటి పరిస్థితిని బట్టి మీరే తేల్చుకోవాలి, ఆ విషయంలో ఆయన్ని చూసి తొందరపడొద్దనే చెబుతాను. అంతకన్నా ముందు, రాజకీయంగా మీకు ఏ సమస్య మనసుకు పట్టిందో దాని మీద ఒక కేసు కట్ట తయారుచేసినట్టు పని చేయండి. జీవోలు, పాత రికార్డు, అవతలివాళ్ల వాదన, అన్నీ. మీది జమీందారీ ప్రాంతమైతే మీ బార్ లైబ్రరీలో ప్రకాశం కమిటీ సంపుటాలు ఉన్నాయేమో అడగండి. లేకపోతే 1948 చట్టం తెరిచి, జమీందారీ భూమి ప్రభుత్వానికి దఖలు పడిందని చెప్పే మూడో సెక్షన్, రైతుకు పట్టా ఇచ్చే పదకొండో సెక్షన్ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఆ తర్వాత వాటి మీద వచ్చిన తీర్పులు పట్టుకోండి. చదివాక ఏదైనా సందేహం ఉంటే కింద రాయండి, తెలిసినంతలో చెబుతాను.