కణం శక్తి ఎక్కడ ఖర్చు పెడుతోంది: యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మా, కణాలు అక్కర్లేని ప్రోటీన్లను ఎలా వదిలించుకుంటాయో నువ్వు రాసిన వ్యాసం శ్రద్ధగా చదివాను. విషయం బాగా చదివే రాశావని తెలుస్తోంది. కానీ "ఈ పనికి కణం ఏటీపీని వాడుకుంటుంది" అని, అంటే కణానికి శక్తినందించే అణువును ఖర్చుచేస్తుందని, ఒక్క ముక్కలో తేల్చేసి ముందుకెళ్లిపోయావు. నీ వ్యాసం మొదలవ్వాల్సింది అక్కడే.

ప్రోటీన్‌ను కట్టడానికి శక్తి కావాలంటే ఎవరైనా ఒప్పుకుంటారు. తెంచడానికెందుకు? అమైనో ఆమ్లాలను కలిపే బంధం నీటితో తెగితే శక్తి బయటికే వస్తుంది. మనం తిన్న పప్పులోని ప్రోటీన్‌ను చిన్నపేగులో ట్రిప్సిన్ అనే ఎంజైమ్ తెంచుతుంది, దానికి ఏటీపీ అక్కర్లేదు. అలాంటిది 1953లో మెల్విన్ సింప్సన్ ఎలుక కాలేయపు పలుచని ముక్కలతో ప్రయోగాలు చేస్తే, శక్తి అందని కణాల్లో ప్రోటీన్ల విచ్ఛిన్నం తగ్గిపోయింది. ఈ చిక్కు పాఠకుడి బుర్రలో పడిందంటే ఇక వ్యాసం వదలడు. నువ్వేమో ఈ చిక్కు విప్పినందుకు ఇచ్చిన 2004 నోబెల్‌తో మొదలుపెట్టావు. ప్రశ్నే తెలియనివాడికి జవాబు గొప్పతనం ఎలా తెలుస్తుంది?

కణంలో ప్రోటీన్లను జీర్ణం చేసే సంచుల్లాంటి లైసోజోమ్‌ల గురించి రెండు వాక్యాలు చాలు. ఎర్ర రక్తకణాలుగా మారబోయే రెటిక్యులోసైట్లలో లైసోజోమ్‌లు ఉండవు. అయినా వాటి సారంలో లోపమున్న ప్రోటీన్లు ఏటీపీ ఉంటేనే చకచకా విచ్ఛిన్నమవుతాయని 1977లో ఎట్లింగర్, గోల్డ్‌బర్గ్ చూపించారు. అంటే వెతకాల్సింది వేరే యంత్రాంగం కోసం.

ఇజ్రాయెల్‌లోని హైఫాలో జరిగిన ప్రయోగాన్ని మాత్రం తీరిగ్గా రాయి. అక్కడి టెక్నియన్ విశ్వవిద్యాలయంలో హెర్ష్‌కో, ఆయన విద్యార్థి చికనోవర్ కుందేలు రెటిక్యులోసైట్ల సారాన్ని రెండు భాగాలుగా విడదీశారు. ఏ భాగమూ ఒంటరిగా పనిచేయలేదు. రెండూ కలిపితే ప్రోటీన్లను తెంచే పని మళ్లీ మొదలైంది. మొదటి భాగాన్ని వేడిచేస్తే మిగతా ప్రోటీన్లు గడ్డకట్టాయి, వాళ్లకు కావాల్సిన చిన్న ప్రోటీన్ మాత్రం చెక్కుచెదరలేదు. అదే 76 అమైనో ఆమ్లాల యుబిక్విటిన్. ఫిలడెల్ఫియాలోని ఇర్విన్ రోజ్‌తో కలిసి చేసిన పనిలో, అది బలి కావాల్సిన ప్రోటీన్‌కే గట్టిగా అతుక్కుంటుందని 1980లో తేలింది. నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరించే ఘట్టం ఇది. నువ్వు దీన్ని పేర్లు, తేదీల వరుసగా మార్చేశావు.

ఇక శక్తి ఎక్కడ పోతోందో విడమరచి చెప్పు. యుబిక్విటిన్‌ను అతికించడానికి సిద్ధం చేసే ఈ1 ఎంజైమ్‌కు ఏటీపీ కావాలి. ఆ తర్వాత, యుబిక్విటిన్ గుర్తు పడిన ప్రోటీన్లను తెంచే గదిలాంటి యంత్రం ప్రోటియాజోమ్ దగ్గర, ప్రోటీన్ మడతలు విప్పి సన్నని ద్వారంలోంచి లోపలికి లాగడానికి కావాలి. తెంచే భాగాలు ఆ మూసిన గదిలోపల ఉంటాయి. తెంచడానికి మాత్రం శక్తి అక్కర్లేదు. ఈ వాక్యం తప్పకుండా ఉండాలి. ఆ భాగాలే కణంలో బయట తిరిగితే అవసరమైన ప్రోటీన్లు కూడా మిగలవు. ఏది పోవాలి, ఏది ఉండాలి అనే ఎంపిక కోసమే కణం ఇంత ఖర్చు భరిస్తోంది.

అందుకే నీ చెత్తబండి పోలిక తీసెయ్. పోయేవన్నీ పాడైనవి కావు. కణం క్యాన్సర్‌గా మారకుండా కాపాడే పీ53 ప్రోటీన్‌నే చూడు. ఆరోగ్యంగా ఉన్న కణం దాన్ని తయారుచేస్తూనే, ఎండీఎం2 అనే ఎంజైమ్ ద్వారా యుబిక్విటిన్ గుర్తు వేయించి తెంచేస్తూ ఉంటుంది. డీఎన్‌ఏ దెబ్బతింటే ఆ తెంచడం ఆగుతుంది, పీ53 వెంటనే పెరుగుతుంది. కొత్తగా తయారుచేసుకునేదాకా ఆగాల్సిన పని లేదు. ఈ ఒక్క ఉదాహరణకే ఒక పేరా ఇవ్వు, మిగతా నాలుగూ వదిలెయ్.

చివర్లో బోర్టెజోమిబ్ గురించి రాసినచోట ఒక తప్పు దొర్లింది. అది ప్రోటియాజోమ్‌ను చురుగ్గా చేసే మందు కాదు, అడ్డుకునే మందు. మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్ కణాలు ప్రోటీన్లను విపరీతంగా తయారుచేస్తాయి కాబట్టి, ఆ దారి మూసుకుపోతే తట్టుకోలేవు. అమెరికాలో దానికి 2003లో అనుమతి వచ్చింది. రోగులు, వాళ్ల ఇంట్లోవాళ్లు చదువుతారమ్మా, ఈ పేరా ముందు సరిచేసి పంపు. మిగతాది నిదానంగా తిరగరాయి.