ముందు థర్మోస్టాట్ తీసేసి చూడు

అమ్మడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పీహెచ్‌డీ మొదటి సెమిస్టర్‌లోనే కంప్యుటేషనల్ ఫిజిక్స్ తీసుకున్నావంటే సంతోషమే. కానీ ఉత్తరం నిండా ఏ భాష నేర్చుకోవాలి, ఏ ప్యాకేజీ పట్టుకోవాలి, జీపీయూ లేకపోతే ఎలా అనే బెంగే కనిపించింది.

భాష గొడవ ముందే తేల్చేద్దాం. పైథాన్‌తో మొదలుపెట్టు. లూపులు నత్తనడక నడుస్తుంటే ప్రొఫైలర్ పెట్టి టైమంతా ఎక్కడ పోతోందో కొలువు. ఆ ఒక్క ముక్కనీ సీ++లోనో ఫోర్ట్రాన్‌లోనో రాసుకో. ఫోర్ట్రాన్ 1957 నాటిదని నవ్వకు. పైథాన్‌లో మాట్రిక్స్ ఐగెన్ విలువలు అడిగినప్పుడల్లా అడుగున పనిచేసేది లాప్యాక్ అనే లెక్కల లైబ్రరీ వంశమే, అది ఫోర్ట్రాన్‌లో పుట్టింది. జీపీయూ సంగతి ఏడాది తర్వాత మాట్లాడుకుందాం.

నాకు బెంగ ఉన్నది వేరేచోట. ల్యాబులో పరికరం పాడైతే సూది కదలదు, కాలిన వాసన వస్తుంది, ఏదో ఒకటి తెలుస్తుంది. తప్పు కోడ్ అలా కాదు. పదహారు అంకెల జవాబు ఠంచనుగా చేతిలో పెడుతుంది. అందుకే నీకు ముందు రావాల్సింది నీ కోడ్‌ని నువ్వే నమ్మకపోవడం. ఇది పుస్తకం చదివితే రాదు, చేతులు కాల్చుకుంటేనే వస్తుంది. చిన్న మంటతో మొదలుపెడదాం.

ఈ రాత్రే ఒక స్ప్రింగు, ఒక బరువు తీసుకో. ద్రవ్యరాశి 1, స్ప్రింగు స్థిరాంకం 1. స్థానం 1 దగ్గర వేగం సున్నాతో వదిలెయ్, అంటే మొత్తం శక్తి 0.5. ఆయిలర్ పద్ధతిలో, అంటే పాత స్థానం, పాత వేగాలతోనే తర్వాతి రెండూ లెక్కకడుతూ, 0.01 టైమ్ స్టెప్‌తో 10,000 అడుగులు నడిపించు. బరువు పదహారు సార్లు ఊగేసరికి శక్తి 1.36కి చేరి ఉంటుంది. ఎవరూ తొయ్యకుండానే రెండున్నర రెట్లు దాటింది! స్టెప్పుని 0.005కి తగ్గించి అంతే కాలం నడిపితే 0.82. తగ్గింది గానీ పోలేదు.

ఎందుకలా అవుతుందో కాగితం మీద గీసుకుంటేనే తెలుస్తుంది. అడ్డంగా స్థానం, నిలువుగా వేగం పెడితే నిజమైన చలనం ఒక వృత్తం. ఆయిలర్ ప్రతి అడుగూ స్పర్శరేఖ వెంట వేస్తాడు. వృత్తానికి గీసిన స్పర్శరేఖ ఎప్పుడూ బయటికే పోతుంది కదా! ఒక్కో అడుగుకీ శక్తి 1.0001 రెట్లవుతుంది. దాన్ని 10,000 సార్లు హెచ్చవేస్తే వచ్చేది దాదాపు 2.718, అంటే మన పాత నేస్తం, సహజ లాగరిథమ్‌ల ఆధారం 'ఈ'.

ఇప్పుడు కోడ్‌లో రెండు లైన్ల వరస మార్చు. ముందు వేగాన్ని సవరించి, ఆ కొత్త వేగంతో స్థానాన్ని జరుపు. కొత్త లెక్కేమీ చేర్చలేదు, స్టెప్ అదే. అయినా శక్తి 0.4975కీ 0.5025కీ మధ్య ఊగుతూ ఉంటుంది తప్ప ఎంతసేపు నడిపినా ఎటూ పాకిపోదు. సింప్లెక్టిక్ పద్ధతులు అంటే ఇవే. 1967లో వెర్లే పరమాణువుల సిమ్యులేషన్‌కి వాడిన పద్ధతీ ఈ కుటుంబంలోదే. నాలుగో ఆర్డర్ రుంగే-కుట్టా అనే మరో పద్ధతి ఒక్కో అడుగులో దీనికంటే ఎంతో కచ్చితం. కానీ ఇదే స్ప్రింగు మీద లక్షల అడుగులు నడిపితే శక్తిని కొద్దికొద్దిగా కారబోస్తుంది. ఉపగ్రహాన్ని రెండు గంటలు లెక్కకట్టాలంటే రుంగే-కుట్టా, ద్రవాన్ని కోటి అడుగులు నడపాలంటే సింప్లెక్టిక్.

నా భాగోతం కూడా చెప్తాను, మీ అమ్మకి చెప్పకు. పీహెచ్‌డీ రెండో ఏడు ద్రవాల సిమ్యులేషన్ రాశాను. ప్రతి కణానికీ దగ్గర్లో ఉన్నవాళ్ళ జాబితా ఒకటి ఉంటుంది, దాన్ని 20 అడుగులకోసారి తాజా చేసేవాణ్ణి. తక్కువ ఉష్ణోగ్రతలో బాగానే నడిచింది. ఉష్ణోగ్రత పెంచాక కణాలు ఆ 20 అడుగుల్లోనే జాబితా హద్దు దాటి లోపలికి రావడం మొదలుపెట్టాయి. జాబితాలో పేరు లేదు కాబట్టి వాటి మధ్య బలం లెక్కలోకి రాలేదు. జాబితా మారగానే ఒక్కసారిగా తన్నేది. మొత్తం శక్తి మెల్లగా పైకి పాకుతోంది. నేనేం చేశాను? థర్మోస్టాట్, అంటే కణాల వేగాల్ని సవరిస్తూ ఉష్ణోగ్రతని ఒకేచోట పట్టి ఉంచే కోడ్, ఆన్ చేశాను. అది అదనపు శక్తినంతా తాగేసింది, ఉష్ణోగ్రత గీత గీసినట్టు నిలబడింది. నాలుగు నెలలు డేటా పోగేసి, డిఫ్యూజన్ గుణకం (కణాలు ఎంత వేగంగా చెదిరిపోతాయో చెప్పే సంఖ్య) గ్రాఫు పట్టుకుని గైడు దగ్గరికి వెళ్ళాను. ఆయన గ్రాఫు వంక చూడను కూడా లేదు. "థర్మోస్టాట్ తీసేసి ఒక్కసారి నడిపి చూపించవోయ్" అన్నారు. పది నిమిషాల్లో నా నాలుగు నెలలూ గంగలో కలిశాయి. అప్పటినుంచి థర్మోస్టాట్ చూస్తే నాకు తివాచీ కింద చెత్త గుర్తొస్తుంది.

కాబట్టి ఏ కోడ్ రాసినా, అందులో మారకూడనిది ఏదో ముందు కాగితం మీద రాసుకో: శక్తి, ద్రవ్యవేగం, కణాల సంఖ్య. తర్వాత స్టెప్పు సగం చేసి చూడు. రెండో ఆర్డర్ పద్ధతైతే ఎర్రర్ నాలుగో వంతుకి పడాలి, నాలుగో ఆర్డర్‌దైతే పదహారో వంతుకి. పడలేదంటే ఎక్కడో బగ్ ఉంది. జవాబు చూడ్డానికి అందంగా ఉన్నా సరే.

మాంటే కార్లోలో, అంటే రాండమ్ నంబర్లతో లెక్కకట్టే పద్ధతుల్లో, మోసం ఇంకో రకం. రెండు డైమెన్షన్ల ఐసింగ్ మోడల్ రాయి, అంటే గళ్ళలో పైకో కిందికో చూసే చిన్న అయస్కాంతాల నమూనా. దానికి 1944లో ఆన్సాగర్ కచ్చితమైన జవాబిచ్చాడు, అయస్కాంతత్వం మాయమయ్యే సంధి ఉష్ణోగ్రత (మోడల్ సొంత యూనిట్లలో) 2.269. నీ కోడ్‌ని నిలదీయడానికి అంతకంటే మంచి సాక్షి దొరకదు. ఆ ఉష్ణోగ్రత దగ్గర, ఒక్కో అయస్కాంతాన్నే తిప్పి చూసే మెట్రోపాలిస్ పద్ధతి నీరసిస్తుంది. ఒక చిత్రానికీ తర్వాతి చిత్రానికీ తేడా ఉండదు. 10,000 కొలతలు తీశానని మురిసిపోతావు. కోరిలేషన్ టైమ్ (ఒక కొలత ప్రభావం తర్వాతి ఎన్ని కొలతల దాకా ఉంటుందో) 500 అయితే, దానికి రెట్టింపు దూరానికొకటే స్వతంత్రమైనదిగా లెక్క. అలాంటివి ఎన్నో తెలుసా? పది! నువ్వు వేసిన ఎర్రర్ బార్ అసలుదానికంటే 30 రెట్లకు పైనే చిన్నది. వరస కొలతల్ని జంటలుగా, ఆ జంటల్ని మళ్ళీ జంటలుగా కలుపుతూ పో. ఎర్రర్ బార్ పెరుగుతూ పెరుగుతూ ఎక్కడ నిలబడుతుందో అదే నిజమైనది. అది ఎక్కడా నిలబడకపోతే ఇంకా చాలాసేపు నడపాలన్నమాట.

రాండమ్ నంబర్లనీ నమ్మకు. 1992లో ఫెరెన్‌బర్గ్, లాండౌ, వాంగ్ ఈ ఐసింగ్ మోడల్ మీదే, అయస్కాంతాల్ని గుంపుగా తిప్పే వోల్ఫ్ క్లస్టర్ పద్ధతి నడిపారు. చాలా మంచిదని పేరున్న రాండమ్ నంబర్ జనరేటర్ తప్పు శక్తినిచ్చింది, పాతకాలపు సాదా జనరేటర్ సరైనదిచ్చింది. కచ్చితమైన జవాబు చేతిలో ఉంది కాబట్టి దొంగ దొరికాడు. జనరేటర్‌ని మొదలుపెట్టే సీడ్ నంబర్ మాత్రం ప్రతి రన్‌కీ రాసిపెట్టుకో, కోడ్ మార్పులన్నీ దాచిపెట్టే గిట్‌లో పెట్టు.

అలాగని ఊహించనిది వచ్చిన ప్రతిసారీ బగ్ అనుకోకు. 1955 నాటి లాస్ అలమోస్ నివేదికలో ఫెర్మీ, పాస్టా, ఉలాం స్ప్రింగులతో కలిపిన ఒక బరువుల గొలుసుని మానియాక్ అనే కంప్యూటర్ మీద నడిపారు. ప్రోగ్రాం రాసింది మేరీ సింగౌ. పాపం, ఆవిడ పేరు చాలా ఏళ్ళు ఒక్క కృతజ్ఞత వాక్యంలోనే ఉండిపోయింది. శక్తి అన్ని మోడ్‌లకీ (గొలుసు ఊగే తీరులకీ) పంచుకుపోతుందనుకున్నారు. కొంతసేపటికి దాదాపు అంతా తిరిగి మొదటి మోడ్‌కే వచ్చేసింది! అది బగ్ కాదు, కొత్త ఫిజిక్సే. కోడ్‌ని అన్నివైపులా గీకి చూసినవాళ్ళకే ఆ తేడా చెప్పే హక్కుంటుంది.

ప్యాకేజీ మాటంటావా, మొదట ఒక్కసారి సొంతంగా రాయి. 1964లో రెహమాన్ 864 ఆర్గాన్ పరమాణువులతో ద్రవాన్ని నడిపాడు. ఇప్పుడది నీ ల్యాప్‌టాప్‌కి ఓ లెక్క కాదు. అది రాశాక హాయిగా లామ్ప్స్ లాంటి రెడీమేడ్ సిమ్యులేషన్ ప్యాకేజీ వాడుకో. అప్పుడు దాని ఇన్‌పుట్ ఫైల్లో ఒక్కో లైను దేనికో నీకు తెలుస్తుంది. మాట్రిక్స్ డయాగనలైజేషన్ (ఐగెన్ విలువలు తీయడం), ఎఫ్‌ఎఫ్‌టీ (వేగవంతమైన ఫూరియర్ లెక్క) మాత్రం ఎప్పుడూ సొంతంగా రాయకు. అది పట్టుదల కాదు, మొండితనం.

ఆర్గాన్ కోడ్ నడవగానే మొత్తం శక్తి గ్రాఫు పంపు. థర్మోస్టాట్ లేకుండా, కనీసం లక్ష అడుగులు. నిలువు అక్షం సున్నా నుంచి మొదలుపెట్టకు, అలా గీస్తే ఎంత పాకినా చదునుగానే కనిపిస్తుంది.

నీ మామయ్య