పొయ్యి నోట్లోంచి పొగ ఎందుకు తన్నుకొస్తుంది?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. గొట్టం పెట్టి రెండు కండ్ల మట్టిపొయ్యి కట్టించుకున్నం. ఏడాది దాకా మంచిగనే ఉండె. ఇప్పుడు పొగంతా పొయ్యి నోట్లోంచే వస్తున్నది. గొట్టం దులిపించినా తగ్గలేదు. నోటి చుట్టూ మళ్లీ అలికితే ఆగుతదా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆగదమ్మా. పొగ వచ్చేది నోట్లోంచే అయినా, లోపం వెనక ఎక్కడో ఉంటుంది. వేడి పొగ గొట్టంలో పైకి పోతూ నోటి నుంచి గాలిని గుంజుకోవాలి. గొట్టం మొదట్లోనో, వెనక కన్ను దగ్గరో సందు పడితే చల్లగాలి అక్కడి నుంచే దూరుతుంది. పొగ చల్లబడి గుంజుడు తగ్గుతుంది, మంట దగ్గరి పొగ వంటింట్లోకి మళ్లుతుంది. సందు గాలిని లోపలికి పీలుస్తుంది కాబట్టి దాని చుట్టూ మసి కూడా ఉండకపోవచ్చు.

ముందు వెనక కన్ను చూడండి. దానిమీద చిన్న గిన్నె పెట్టినా, ఖాళీగా వదిలేసినా అదే పెద్ద సందు. వంట లేనప్పుడు మూత వేయాలి. గొట్టం అడుగున మసి తీసే రంధ్రాన్ని దులిపినవాళ్లు సరిగ్గా మూశారో లేదో కూడా చూడండి.

అవి బాగానే ఉంటే ఎండుపుల్లలతో చిన్న మంట వేసి, పది నిమిషాలాగి ఊదుబత్తి వెలిగించండి. అతుకుల చుట్టూ అంగుళం దూరంలో మెల్లగా తిప్పండి. దాని పొగ తీగ ఎక్కడ గోడలోకి వంగిపోతే అక్కడే సందు. బొగ్గుతో గీత పెట్టండి. ఫ్యాను ఆపి, పొయ్యికి ఎదురుగాలి లేని వేళ చేయాలి.

పొయ్యి చల్లారాక వదులు మట్టి గీకి, పగులును అర అంగుళం వెడల్పు చేసి బాగా తడపండి. పొడిచోట మెత్తిన మట్టి పట్టు దొరకక ఊడిపోతుంది. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు సన్న ఇసుక, అర పాలు వరి ఊక, కొంచెం పెండ కలిపి రాత్రంతా నానబెట్టి, తొక్కి మెత్తండి. నల్లరేగడి వద్దు, ఆరితే పర్రెలు ఇస్తుంది. ఉట్టి సిమెంటు వేడికి చిట్లుతుంది. మూడు నాలుగు రోజులు నీడన ఆరనిచ్చి, వెంట్రుక పగుళ్లను పలుచటి మట్టినీళ్లతో మూసి, మొదటిరోజు చిన్న మంటే వేయండి.

గొట్టం అతుకు దగ్గరే మళ్లీ మళ్లీ పగులుతుంటే గొట్టం గాలికి ఊగుతోందన్నమాట. గోడకు తీగతో బిగించకుండా ఎంత మెత్తినా నిలవదు.

పొయ్యి నోటిని మాత్రం ఎప్పుడూ చిన్నది చేయకండి, కిటికీ తెరిచే ఉంచండి. కట్టెలు సరిగా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే అందరూ బయటికి రండి.

ప్రశ్న: పాత సిమెంటు రేకు గొట్టం పగిలింది. ఎంసీల్ పెట్టవచ్చా?
– పరకాల పాఠకుడు

జవాబు: వద్దు. పొయ్యి దగ్గరి వేడికి అది మెత్తబడి ఊడిపోతుంది. పైగా పాత సిమెంటు గొట్టాల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, దాని దుమ్ము క్యాన్సర్ కారకం. దాన్ని గీకకండి, కోయకండి. నీళ్లు చల్లి తడిగా ఉండగానే ముక్కలు చేయకుండా దించి, నాలుగంగుళాల జీఐ గొట్టం వేయించండి. కొన కప్పు కంటే కనీసం రెండడుగులు పైకి ఉండాలి.