రేడియోలో గెలిచిన అమెరికా కన్జర్వేటివ్ హోస్టుల్లో చాలామంది టీవీలో ఎందుకు నిలవలేకపోయారు?

రేడియోలో ఎదురులేని రష్ లింబా టీవీ కార్యక్రమం నాలుగేళ్లకే ఎందుకు ముగిసిందనీ, షాన్ హానిటీ మాత్రం దశాబ్దాలుగా టీవీలో ఎలా కొనసాగుతున్నారనీ మీరు అడిగారు. నేను టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటాను. ఒక కార్యాలయం నుంచి మరో కార్యాలయానికి కారులో తిరుగుతూ నెట్‌వర్క్ పరికరాలు సరిచేసే ఉద్యోగం కావడంతో, చాలా ఏళ్లపాటు మధ్యాహ్నం లింబానూ ఆ తర్వాత హానిటీనీ ఏఎం రేడియోలో వింటూ వచ్చాను. వారి రాజకీయాలు నాకు చాలావరకు మింగుడుపడవు. అయినా ఒక మనిషి అతిథులెవరూ లేకుండా రోజుకు మూడు గంటలు ఒంటరిగా మాట్లాడి జనాన్ని కూర్చోబెట్టగలగడం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది.

రేడియో, టీవీ స్టేషన్లు వివాదాస్పద విషయాల్లో భిన్నాభిప్రాయాలకూ చోటివ్వాలన్న నిబంధనను అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1987లో రద్దు చేసింది. మరుసటి సంవత్సరం ఆగస్టులో లింబా కార్యక్రమం న్యూయార్క్ నుంచి దేశవ్యాప్త ప్రసారంగా మొదలైంది. స్టేషన్లకు కార్యక్రమాన్ని డబ్బు తీసుకోకుండా ఇచ్చి, బదులుగా ప్రతి గంటలో కొన్ని నిమిషాల ప్రకటనల సమయాన్ని తామే అమ్ముకునే పద్ధతిని ఆయన నిర్మాతలు అనుసరించారు. శ్రోతలను కోల్పోతున్న చిన్న ఊళ్ల ఏఎం స్టేషన్లకు అంతకన్నా మంచి బేరం దొరకదు.

టీవీ ఆయనను మొదటి నుంచీ ఇబ్బంది పెట్టింది. 1990లో సీబీఎస్‌లో ప్యాట్ సేజాక్ రాత్రి కార్యక్రమానికి ఒకరోజు అతిథి హోస్టుగా వెళ్లినప్పుడు, ప్రేక్షకుల్లో ఉన్న నిరసనకారులు కేకలు వేయడంతో నిర్వాహకులు హాలును ఖాళీ చేయించారు. చివరి భాగాన్ని ఆయన ఖాళీ కుర్చీల ముందే పూర్తి చేశారు. రేడియోలో ఎవరి ఫోను తీసుకోవాలో ముందుగా వడపోసే సహాయకుడు ఉంటాడు, నచ్చని మాట వినిపిస్తే లైను తెంచేసే అధికారం హోస్టు చేతిలో ఉంటుంది. ఎదురుగా మనుషులు కూర్చున్న చోట ఆ అధికారం సగం పోతుంది.

1992లో రోజర్ ఏల్స్ నిర్మాతగా మొదలైన ఆయన సొంత టీవీ కార్యక్రమంలో అభిమానులే ప్రేక్షకులుగా ఉండేవారు కాబట్టి ఆ బెడద లేదు, కానీ అది అరగంట కార్యక్రమం. చాలా స్టేషన్లు దానిని అర్ధరాత్రి ప్రాంతంలో వేసుకునేవి. తెల్లవార్లూ సాగే హరికథను అరగంటలో ముగించమన్నట్టుగా ఉండేది ఆయన పరిస్థితి. రేడియోలో లింబా ఒక వార్తను అందుకుని, కాగితాలు చప్పుడు చేస్తూ, మధ్యలో ఎక్కడికో వెళ్లి, ఒక్క క్షణం మౌనంగా ఉండి, మళ్లీ మొదటి మాటకు వచ్చేవారు. కారులో ఒంటరిగా ఉన్నవాడికి ఆ మౌనం తనతోనే మాట్లాడుతున్న మనిషి ఆలోచించుకుంటున్నట్టు వినిపిస్తుంది. అదే మౌనం తెర మీద తడబాటులా కనిపిస్తుంది.

ఈ మాట ఊహించి చెప్పడం లేదు. ఇక్కడ మిత్రులు కొందరు వారాంతాల్లో ఒక స్టేషన్‌లో గంటసేపు సమయం అద్దెకు తీసుకుని తెలుగు కార్యక్రమం నడిపేవారు, అందులో సాంకేతిక పని నేను చూసేవాణ్ణి. దానిని వీడియోగా కూడా పెట్టడం మొదలుపెట్టాక, గొంతుతో ఇల్లంతా నింపేసే మా ప్రధాన వ్యాఖ్యాత కెమెరా ముందు కళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక కాగితం వైపే చూసేవారు. శ్రోతలు ఫోన్ చేసి ఆయనకు ఒంట్లో బాగాలేదా అని అడిగేవారు. ఆయన చెప్పే విషయంలో మాత్రం ఏ మార్పూ లేదు.

హానిటీ కథ దాదాపు తలకిందులుగా నడిచింది. అట్లాంటాలో స్థానిక రేడియో హోస్టుగా ఉన్న ఆయనను ఏల్స్ 1996లో, అంటే లింబా టీవీ కార్యక్రమం ఆగిన ఏడాదిలోనే, తన సారథ్యంలో కొత్తగా పుట్టిన ఫాక్స్ న్యూస్ ఛానల్‌కు తీసుకువచ్చారు. ఆయన రేడియో కార్యక్రమం దేశవ్యాప్తమైంది 2001 సెప్టెంబరు 10న, అంటే టీవీలో ఐదేళ్లు గడిచాక. పైగా టీవీలో ఆయన పక్కన ఉదారవాది అలన్ కోమ్స్ ఉండేవారు, 2009 వరకూ ఆ జంట కొనసాగింది. ఎదురువాది ఉంటే మౌనాలకు తావుండదు, గంట సమయం దానంతట అదే నిండుతుంది. ఒంటరిగా కార్యక్రమం నడపవలసి వచ్చే నాటికి ఆయనకు టీవీ అలవాటైపోయింది. అందువల్ల ఆయనను రేడియో నుంచి టీవీకి విస్తరించినవారి జాబితాలో చేర్చడం నాకు పూర్తిగా సరైనదిగా తోచదు.

మరో ఇద్దరు రేడియో హోస్టులు మైకేల్ సావేజ్, గ్లెన్ బెక్‌ల అనుభవాలు మరో కారణాన్ని చూపిస్తాయి. రేడియోలో వందల స్టేషన్లు ఒకే కార్యక్రమాన్ని వేస్తాయి కాబట్టి పదో ఇరవయ్యో మానేసినా హోస్టుకు దెబ్బ తగలదు, కానీ టీవీలో యజమాని ఒక్కడే. 2003లో ఎంఎస్‌ఎన్‌బీసీ వార్తా ఛానల్‌లో తనకు ఫోన్ చేసిన వ్యక్తిని సావేజ్ స్వలింగ సంపర్కుడని దూషించి, ఎయిడ్స్‌తో చావమన్నందుకు ఛానల్ కొన్ని నెలలకే ఆయనను తొలగించింది. రేడియోలో మాత్రం ఆయన కొనసాగారు. బెక్ 2009లో ఫాక్స్‌లో చేరి, నల్లబల్ల మీద గీతలు గీస్తూ సాయంత్రం ఐదు గంటలకే లక్షల మందిని కూర్చోబెట్టారు. రేడియోవాళ్లలో టీవీకి బొమ్మ కావాలని అందరికన్నా బాగా గ్రహించింది ఆయనే అనుకుంటాను. కానీ అదే ఏడాది జులైలో ఒబామాను జాత్యహంకారి అన్నాక పెద్ద కంపెనీలు ఆ గంటలో ప్రకటనలు ఇవ్వడం మానుకున్నాయి. వీక్షకులు ఉన్నా ఆదాయం సన్నగిల్లింది. 2011 జూన్‌లో కార్యక్రమం ముగిసింది. కొన్ని నెలలకే ఆయన చందాదారుల డబ్బుతో నడిచే సొంత ఇంటర్నెట్ ఛానల్ పెట్టారు. ఆ సంస్థ తర్వాత మా ఇర్వింగ్‌లోని లాస్ కోలినాస్ స్టూడియోలకు చేరింది. తెలుగువాళ్ల అపార్ట్‌మెంట్లకు కూతవేటు దూరంలో ఉన్న ఆ భవనంలో ఏం జరుగుతుందో మావాళ్లలో చాలామందికి తెలియనే తెలియదు.

మిగతా రేడియో హోస్టుల్లో లారా ఇంగ్రమ్ 2017లో ఫాక్స్ రాత్రి కార్యక్రమం చేపట్టి, మరుసటి ఏడాది రోజువారీ రేడియోను వదిలేశారు. మార్క్ లెవిన్ వారాంతంలో ఒక గంట తీసుకుని అతిథితో తీరిగ్గా మాట్లాడే పద్ధతి ఎంచుకున్నారు, రేడియో మనిషికి అది సరిపడే కొలత. డాన్ బోంజినో 2023లో ఫాక్స్‌ను వదిలినా, ఒకే కుర్చీలో కూర్చుని రేడియోకూ, యూట్యూబ్ లాంటి రంబుల్ సైటులో వీడియోకూ మాట్లాడుతూ ఆదరణ నిలుపుకున్నారు. 2025లో ఎఫ్‌బీఐ డిప్యూటీ డైరెక్టరు పదవి కోసమే వాటిని ఆపారు. స్టూడియోలో కెమెరా ఒకటి బిగించుకుంటే సరిపోయే ఈ రోజుల్లో, కొత్తగా వచ్చే హోస్టులు ఛానల్ యజమానితో ఒప్పందం కోసం మునుపటిలా ఆరాటపడతారని నేను అనుకోను.